పెరటిచెట్టు మందునకు పనికిరాదా?

2020వ సంవత్సరము నవంబరు మాసమున నివర్ తుపాను వెలిసిన పిదప, కాకినాడకు సమీపమున నున్న ఉప్పాడ తీరమున ఒక వింత కానవచ్చినది. ఆబాలవృద్ధము ఇసుకలో చతికిలబడి, దోసిళ్లతో ఇసుక నెత్తి జల్లించుచు, బంగారు రజను వెదకుచుండిరి. కొందరికి నలుసంత దొరకినదని పత్రికలు వ్రాసినవి. ఆ బంగార మెచ్చటిది? ఒకనాటి ఇండ్లును, ఆలయములును, వీధులును కడలిలో కలిసిపోయినవనియు, వాని శిథిలములనుండియే యది యొడ్డునకు కొట్టుకొని వచ్చుననియు ఆ యూరి పెద్దలు చెప్పుదురు. తాతలు కట్టిన యిల్లు సముద్రము పాలుకాగా, మనుమలు ఆ యింటి నలుసులకై ఇసుక జల్లించుట! మన తీరపు దీనస్థితికి ఇంతకంటె వేరు చిత్తరువు కావలయునా?

తుపాను వచ్చును. కట్ట తెగును. కాకినాడ-ఉప్పాడ రోడ్డు కోసుకొనిపోవును. అధికారులు వత్తురు, చూతురు, లారీలతో బండరాళ్లు తెప్పించి పోయింతురు. మరుసటి తుపానునకు ఆ రాళ్లును సముద్రము పాలగును. మరల లారీలు, మరల రాళ్లు, మరల బిల్లులు. జియోట్యూబు లనబడు ఇసుకసంచుల గోడయు నచ్చట వేసి చూచిరి, అదియు నిలువలేదు. ఇందులో సముద్రుని దోషమెంత? మన దోషమెంత? ఈ ప్రశ్నను సూటిగా అడుగవలసిన కాలము వచ్చినదని మేము తలచుచున్నాము. కడలికి కోపము లేదు, కరుణయు లేదు. దానికి నియమము మాత్ర మున్నది. ఆ నియమమును చదువుకొన్నవారు మన విశ్వవిద్యాలయములలో నున్నారు. వారిని ముందుగా అడుగు అలవాటు మన పాలకులకు లేదు. ముందుగా నోరు విప్పి చెప్పు అలవాటు మన విద్వాంసులకును లేదు. ఈ రెండు మౌనముల నడుమ ఊళ్లు కొట్టుకొని పోవుచున్నవి.

ఆ నియమ మేమో పాఠకులకు స్థూలముగా విన్నవింతుము. తీరపు ఇసుక నిలకడగా నుండునది కాదు; అది ప్రయాణము చేయుచుండును. అలలు తీరమును ఏటవాలుగా తాకినప్పుడెల్ల ఇసుకను ఒక ప్రక్కకు నెట్టుచుండును. మన తూర్పుతీరమున నైరృతి ఋతుపవన కాలమందు ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు నడచును. ఈశాన్య ఋతుపవన కాలమందు కొంత వెనుకకు మరలును. సంవత్సరాంతమున లెక్కచూచినచో ఉత్తరమునకు నడచినదే యెక్కువ. ఇది ఏటేట లక్షల ఘనపు మీటర్ల ఇసుక పోవు త్రోవ. ఈ త్రోవ కడ్డముగా సముద్రములోనికి రాతికట్ట నొకదానిని కట్టితిమా, కట్టకు దక్షిణమున ఇసుక మేటవేయును, ఉత్తరమున నున్న తీరమునకు రావలసిన ఇసుక రాకపోవును. రానిదానికి బదులుగా సముద్రము తీరమునే తినును. ఒక యూరికి మైదానము, వేరొక యూరికి గండము. రెండును ఒకే కట్ట చేసినవి.

ఇది నేడు క్రొత్తగా కనుగొన్న రహస్యము కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర మద్రాసు రేవు కట్టినప్పుడే ఈ పాఠము మన కన్నులయెదుట వ్రాయబడినది. రేవునకు దక్షిణమున మెరీనా తీరము ఇసుకతో విశాలమైనది. ఉత్తరమున రాయపురము తీరము కోతకు లోనైనది. విహారమునకై మెరీనాకు పోయి గాలి పీల్చినవారిలో ఎందరు, ఆ ఇసుక రాయపురపు బెస్తవారి ముంగిటనుండి తప్పించి తెచ్చినదని తలచిరి?

విశాఖపట్టణపు రేవు 1933వ సంవత్సరము డిసెంబరులో తెరువబడినది. దానిని కట్టిన యింజనీర్లు ఈ ఇసుక నడకను ఎరిగియే యుండిరి. రేవు ద్వారమున మేటవేయకుండుటకై రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి, వానినే అడ్డుకట్టగా చేసిరి. డ్రెడ్జరుతో ఇసుక తోడి ఆవలికి పంపు ఏర్పాటును చేసిరి. 1970ల దశకమున బయటి రేవు వచ్చినది. అడ్డుకట్టలు మరింత లోపలికి పోయినవి. నాటినుండి నేటివరకు రామకృష్ణా బీచికి ఇసుకను యంత్రములతో తోడిపోయుట తప్పలేదు. తోడిపోసిన యేట తీరము వెడల్పగును, తోడనియేట సన్నగిల్లును. ప్రకృతి ఉచితముగా చేయుపనిని మన మాపితిమి గనుక, ఇక యుగయుగములు ధనమిచ్చి చేయించుకొనవలసినదే. రేవు వద్దని మేమనుట లేదు. రేవు ఖరీదులో ఈ శాశ్వతపు ఋణము కూడ చేర్చవలెనని యనుచున్నాము.

ఇక దేశపు లెక్క చూతము. జాతీయ తీర పరిశోధన కేంద్రమువారు 1990 మొదలు 2018 వరకు ఉపగ్రహ చిత్రములను సరిపోల్చి చూచిరి. భారతదేశపు ప్రధాన భూభాగ తీరములో 33.6 శాతము కోతకు గురియైనది. ఆంధ్రప్రదేశ్ తీరములో కోత 28.7 శాతము, అనగా సుమారు 295 కిలోమీటర్లు. మేటవేసినది 49.6 శాతము. ఈ రెండవ అంకెను చూపి, పోయినదానికంటె వచ్చినదే యెక్కువ గదా యని తృప్తిపడు మహానుభావులు లేకపోలేదు. అట్టివారికి మా సమాధాన మొక్కటియే. పోయినచోట ఊళ్లున్నవి, వచ్చినచోట ఉప్పుమేట యున్నది. ఉప్పాడలో ఇల్లు పోయినవానికి వేరొక జిల్లాలో ఇసుకదిబ్బ పెరిగినదని చెప్పుట ఓదార్పు కాదు, పరిహాసము.

ఇసుక ఎచ్చటనుండి వచ్చును? నదులనుండి. గోదావరీ కృష్ణలు వేలయేండ్లుగా తెచ్చిపోసిన ఒండ్రే మన కోనసీమ, మన దివిసీమ. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు 2004లో ప్రకటించిన వ్యాస మొకటి కలదు. గోదావరి సముద్రమునకు తెచ్చు ఒండ్రు 1971-79 నడుమ 150.2 మిలియను టన్నులుండగా, 1990-98 నాటికి 57.2 మిలియను టన్నులకు దిగినదని వారు చూపిరి. 1976 నుండి 2001 వరకు గోదావరి డెల్టా ముఖమున నికరముగా 1836 హెక్టార్ల భూమి సముద్రగతమైనదనియు తేల్చిరి. ఎగువన ఆనకట్టలు ఒండ్రును పట్టివేయుచున్నవి. దిగువన తీరము ఆకలిచే కృశించుచున్నది. తల్లి తెచ్చి పెట్టు అన్నము మూడవవంతునకు దిగినప్పుడు బిడ్డ బక్కచిక్కుటలో వింతయేమి?

ఈ వ్యాసము వెలువడి రెండు దశాబ్దములు దాటినది. దానిని వ్రాసినవారు దూరదేశస్థులు కారు. విశాఖ కొండమీద మన పన్నులతో నడచు విద్యాపీఠమువారు. ఈ అంకెలు మన పురపాలక సంఘములలో, జిల్లా సమీక్షా సమావేశములలో, శాసనసభలో ఎన్నిమారులు వినబడినవి? మన జనులలో నొక్కరైన దీనిని తెలుగులో చదువ గలిగిరా? జ్ఞాన మున్నది, దాని నుపయోగించు సంకల్పము లేదు. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత మన పాలనకు రాజ్యాంగ సూత్రమైనది.

ఇప్పుడీ విషయ మంత తొందరగా చెప్పవలసిన కారణమేమి? 2022లో రామాయపట్నమునందును, 2023లో మచిలీపట్నము, మూలపేటలందును క్రొత్త రేవుల పనులకు శంకుస్థాపనలు జరిగినవి. వీనితోపాటు పలుచోట్ల చేపలరేవులును తలపెట్టబడినవి. రేవులు రావలసినవే. బందరు రేవునకై తరతరముల ఆంధ్రులు కలలు కనిరి. ఆ కల పండుట మాకును పండుగయే. కాని ప్రతి రేవునకును రాతికట్ట లుండును. ప్రతి రాతికట్టకును ఉత్తరమున ఒక తీరముండును. ఆ తీరమున ఒక పల్లె యుండును. ఆ పల్లెకు నేటి సముద్రపుటంచు ఎచ్చట నున్నదో కొలిచి, శిల పాతి, పటము గీచి, పంచాయతీ గోడమీద అంటించితిరా? పర్యావరణ నివేదికలలో రాబోవు ఇరువది యేండ్ల లెక్కలు వ్రాసియుందురు. ఆ లెక్క నిజమగుచున్నదో లేదో ఏటేట పోయి చూచి ప్రజలకు చెప్పు బాధ్యత ఎవరిది? కట్టినవాడే కొలుచుట, కొలిచినవాడే సరియని సంతకము చేయుట న్యాయము కాదు. కొలుచుట విశ్వవిద్యాలయముల పని. నేడు కొలత లేకున్న, రేపు కోత వచ్చినప్పుడు దానికి కారణము రేవా, తుపానా, నదియా యను వాదము న్యాయస్థానములలో పాతికయేండ్లు సాగును. అంతలో పల్లె యుండదు.

సముద్రము ఇసుకను మాత్రమే తినదు, ఇనుమును కూడ తినును. కాంక్రీటులోని సున్నపుగుణము లోపలి ఉక్కు ఊచలచుట్టు సన్నని రక్షణపొర నొకదానిని నిలిపియుంచును. ఉప్పుగాలిలోని క్లోరైడులు కాంక్రీటు సందులగుండ మెల్లమెల్లగ దిగి ఆ పొరను ఛేదించును. పిమ్మట ఊచ త్రుప్పుపట్టును. త్రుప్పు ఉక్కుకంటె అనేక రెట్లు చోటాక్రమించును గనుక కాంక్రీటు లోపలనుండి పగులును, పెచ్చులూడును. పైకి సున్నము వేసిన గోడ నవ్వుచుండును, లోపల ఎముక కుళ్లుచుండును. గోవాలో మాండవీ నదిపై కట్టిన వంతెన రెండు దశాబ్దములైన నిండకుండ 1986 జులై 5వ తేదీన కూలిపోయినది. లోపలి ఉక్కుతీగలను త్రుప్పు తినివేయుటయే కారణము. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెన వేలమందిని బలిగొన్న పిదప మన తీరమంతట తుపాను రక్షణ గృహములు కట్టితిమి. ఉప్పుగాలికి వానిలో పెచ్చులూడిన కప్పులు, బయటపడిన ఊచలు చూడనివారు తీరగ్రామములలో నున్నారా? ప్రాణరక్షణకై కట్టిన యిల్లే ప్రాణభయమగుట కంటె విపరీత మేమున్నది?

దీనికి మందు లేదా? ఉన్నది, గ్రంథములోనే యున్నది. భారతీయ ప్రమాణ సంస్థవారి 2000 సంవత్సరపు 456వ నియమావళి స్పష్టముగా చెప్పుచున్నది. తీరపుగాలికి బయలైన కాంక్రీటు ఎం-30 తరగతికి తగ్గరాదు, ఊచపైని కప్పు 45 మిల్లీమీటర్లుండవలెను. సముద్రపు తుంపరలు పడుచోట ఎం-35, కప్పు 50. ఆటుపోటుల నడుమ నిలుచు భాగమునకు ఎం-40, కప్పు 75. నీటి పాలు సిమెంటు తూకములో 0.40కి మించరాదు. ఇందులో రహస్యమేమియు లేదు. కాని పని జరుగుచోట కూలివాడు కాంక్రీటు జారుటకై మరొక బిందెడు నీరు పోయును, మేస్త్రి చూడనట్లుండును, గుత్తేదారు కప్పులో పది మిల్లీమీటర్లు మిగుల్చుకొనును, తనిఖీదారు కారు దిగడు. ఆ బిందెడు నీరును, ఆ పది మిల్లీమీటర్లును పది పదునైదేండ్లకు భవనమును పడగొట్టును. అప్పటికి గుత్తేదారు వేరొక జిల్లాలో వేరొక వంతెన కట్టుచుండును.

మరియొక మాట. గాలికొలిమి కిట్టమును, అనగా స్లాగును కలిపి చేసిన సిమెంటు, క్లోరైడులను చాలవరకు పట్టి నిలుపునని ప్రపంచమంతట పరిశోధనలు తేల్చినవి. మన ప్రమాణములును ఆ సిమెంటును అంగీకరించుచున్నవి. ఆ కిట్టము మన కెచ్చట నున్నది? 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని ఎలుగెత్తి, తుపాకిగుండ్లకు ఎదురొడ్డి సాధించుకొన్న కర్మాగారపు వాకిటనే యున్నది. ఒకవంక ఉప్పుగాలి, ఒకవంక దానికి విరుగుడు. ఈ రెంటిని ఒకే నగరమున పెట్టుకొనియు, తీరపు బడి కప్పు కూలుచున్నదని విలపించుట మన వివేకమునకు నిదర్శనము కాజాలదు.

ఇక నేల సంగతి. మన కర్నూలు, గుంటూరు మండలముల నల్లరేగడి ప్రత్తికి తల్లి, పునాదికి సవతితల్లి. అందలి మాంట్‌మొరిలనైట్ అను బంకఖనిజము నీరు త్రాగి ఉబ్బును, ఎండకు కుంచించి బీటలు వారును. ఇంటిగోడ ఏటికొకసారి పైకిలేచి క్రిందికి దిగుచుండ, బీటలు వారక యేమగును? ఈ సమస్యపై బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్.కె. కట్టి దీర్ఘకాలము పరిశ్రమించి, ఉబ్బని బంకమట్టిని తగిన మందమున పొరగా పరచినచో క్రింది రేగడి అణగియుండునని 1970ల దశకమున నిరూపించెను. ఆ పద్ధతి కాలువగట్లకు ఉపయోగపడినది. ఇది సీమనుండి దిగుమతియైన విద్య కాదు. మన నేలను మనవాడే చదివి తెలిసికొన్న విద్య. సమశీతోష్ణ దేశముల పుస్తకములలో మన రేగడి గూర్చి వ్రాసియుండరు. ఆ దేశములవారు మనకై వ్రాయవలసిన పనియు లేదు. మన మట్టికి మనమే భాష్యము వ్రాసికొనవలెను.

ఇంతవరకు పాలకులను నిందించితిమి. ఇప్పుడు విద్యాపీఠములను వదలిపెట్టినచో మేము సత్యమునకు ద్రోహము చేసినవార మగుదుము. కాకినాడ, విశాఖల సముద్రపు బంకమట్టిపై మన కళాశాలలలో ఎన్ని సిద్ధాంతగ్రంథములు పుట్టలేదు! ఒకరు వరిపొట్టు బూడిద అయిదుపాళ్లు కలిపిరి. వేరొకరు పదిపాళ్లు కలిపిరి. మూడవవారు సున్నము చేర్చిరి. ప్రయోగశాలలో గిన్నెడు మట్టి గట్టిపడినది, పట్టము వచ్చినది, గ్రంథము అటకెక్కినది. ఆ గిన్నెడు మట్టి పద్ధతిని ఒక ఫర్లాంగు రోడ్డుమీద వేసి, మూడు వానకాలములు చూచి, ఇది నిలిచినది, ఇది చెడినదని చెప్పినవారెందరు? పదవోన్నతికై వ్యాసముల సంఖ్య లెక్కించు పద్ధతి యున్నంతకాలము వ్యాసములే పండును, రోడ్లు పండవు. పరిశోధన యనగా తెలియనిది తెలిసికొనుట. తెలిసినదానికి బూడిద పాళ్లు మార్చుట కాదు.

అయితే ఈ దోషమునకు వారిని మాత్రమే బోనెక్కించుట న్యాయమా? 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విశ్వవిద్యాలయములలో 3,220 అధ్యాపక పదవులను నింపుదుమని ప్రకటించినది. ఆ ప్రకటనయే అన్ని పీఠములు శూన్యముగా నున్నవని ఒప్పుకోలు పత్రము. గురువు లేని గురుకులమున పరిశోధన యెట్లు సాగును? దేశమంతటి సంగతి చూచినను అంతియే. 2020-21లో పరిశోధనకై భారతదేశము వెచ్చించినది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతము. దక్షిణ కొరియా నూటికి నాలుగుపాళ్లకు మించి వెచ్చించుచుండగా మనము నూటికొకపాలైనను వెచ్చింపలేదు. 2023లో పార్లమెంటు అనుసంధాన జాతీయ పరిశోధన సంస్థను చట్టముచే నెలకొల్పినది. అయిదేండ్లకు 50,000 కోట్ల రూపాయలని చెప్పిరి. అందులో అధికభాగము ప్రభుత్వేతరులనుండి రావలెనట. ధనికుల దానబుద్ధిని నమ్మి విస్తరి వేయుట మంచిదే. కాని వడ్డన మొదలగువరకు ఆకలి ఆగునా?

మా వాదమునకు ఎదురుచెప్పువారు రెండు మాటలందురు. మొదటిది: మన విశ్వవిద్యాలయములకు అంతటి శక్తి యెక్కడిది? పెద్దపనులకు పెద్దవారినే పిలువవలెను. గోదావరి వరదలకు దెబ్బతిన్న పోలవరపు డయాఫ్రమ్ గోడ సంగతి తేల్చుటకై 2024లో అమెరికా, కెనడా దేశములనుండి నలుగురు నిపుణులను రప్పించిరి. 2025 జనవరిలో క్రొత్త గోడపని మొదలైనది. విదేశీయుని జ్ఞానమును మేము నిరాకరింపము. విద్యకు ఎల్లలు లేవు. కాని ఆ నలుగురు విమానమెక్కి వెళ్లిన పిమ్మట, గోదావరి ఇసుకలో వారు చూచినదేమో, నేర్పినదేమో వ్రాసికొని భద్రపరచి రేపటి విద్యార్థికి చెప్పు పీఠము మనకు లేకున్న, ప్రతి వరదకును మరల నలుగురి కొరకు ఎదురుచూడవలసినదే. వైద్యుని పిలుచుట తప్పుగాదు. ఇంటిలో ఒక్క బిడ్డకైనను వైద్యము నేర్పింపకుండుట తప్పు.

శక్తి లేదందురా? చరిత్ర చూడుడు. ధవళేశ్వరము ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు కట్టించిన కాటన్ దొర, లోతు తెలియని ఇసుకపై పునాది నిలుపు విద్యను కావేరిపై కల్లణను కట్టిన ప్రాచీన ద్రావిడ శిల్పులనుండియే గ్రహించితిమని దాపరికము లేక ఒప్పుకొనెను. పాలించు జాతివాడు మన పూర్వుల శిష్యుడగుటకు సిగ్గుపడలేదు. మనము మన సమకాలికులను అడుగుటకు సిగ్గుపడుచున్నాము! 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమును యంత్రములకంటె మానవ హస్తములనే నమ్మి, మన కొండరాతితో ప్రపంచమే మెచ్చు రాతి ఆనకట్టగా నిలిపినది మన యింజనీర్లు, మన కూలీలు కారా? 1952లో అమెరికా సముద్రశాస్త్రవేత్త లాఫాండు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి, మన ఆచార్యులతో, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతమును శోధించెను. మన తీరమునకెదుట సముద్రగర్భమున కనబడిన లోయలకు ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అను పేర్లు పెట్టబడినవి. మహదేవన్ మన భూగర్భశాస్త్రాచార్యుడు. సముద్రగర్భమున మన పేరున్నది. సముద్రపుటొడ్డున మన మాట చెల్లకున్నది.

రెండవ ఆక్షేపణ: ధన మెక్కడిది? ఏటేట సముద్రములో పారబోయు బండరాళ్ల ఖర్చు ఎక్కడనుండి వచ్చుచున్నదో అక్కడనుండియే. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటకు ధన మున్నది. ముందుగా త్రవ్వుటకు లేదందురా? కొలతకు పట్టు వ్యయము కోతకు పట్టు వ్యయములో ఎన్నవ పాలు?

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, ప్రతి క్రొత్త రేవునకును ఇరుప్రక్కల తీరమును ఏటికి రెండుమారులు, ఋతుపవనములకు ముందును వెనుకను, తీరమునకు సమీపమున నున్న విశ్వవిద్యాలయమే కొలిచి, ఆ పటములను తెలుగున ప్రకటింపవలెను. ఆ వ్యయమును, ఇసుకను అటునుండి ఇటు దాటించు వ్యయమును రేవు సుంకములలోనే చేర్చవలెను. రెండవది, తీరమునుండి కొన్ని మైళ్లలోపల ప్రభుత్వధనముతో కట్టు ప్రతి బడి, వంతెన, తుపాను గృహమునకు కాంక్రీటు పరీక్ష గుత్తేదారు చేతిలో గాక ఇంజనీరింగు కళాశాల చేతిలో నుండవలెను. ఊచపై కప్పు ఎన్ని మిల్లీమీటర్లో గోడమీద శిలాఫలకమున చెక్కవలెను. మంత్రిగారి పేరు చెక్కు శిలపై ఆ యంకెకు చోటు దొరకకపోదు. మూడవది, నల్లరేగడి, తీరపు బంకమట్టి, ఒండ్రు నేలలపై జరిగిన పరిశోధనలను ఏరి, పరీక్షించి, రోడ్లు భవనముల శాఖ యింజనీర్లు వాడదగిన కరదీపికగా తెలుగున వెలువరింపవలెను. ఏటేట కొన్ని కిలోమీటర్ల రోడ్డు పరిశోధకుల ప్రయోగమునకై విడువవలెను. చెడినను చెడుగాక, చెడుట తెలిసినను లాభమే. నాలుగవది, శూన్యముగా నున్న ఆచార్యపీఠములను నింపి, ఆచార్యుని యోగ్యతను అచ్చైన వ్యాసముల సంఖ్యతో గాక నిలిచిన కట్టడములతో తూచవలెను.

ఈ పత్రికను పఠనమందిరములలో బల్లచుట్టు కూర్చుండి చదువు సోదరులతో ఒక మనవి. ఈ దేశమున గ్రంథాలయోద్యమము పుట్టినది కథలు చదువుకొని నిద్రపోవుటకు కాదు. చదివినదానిని ఊరికి చెప్పుటకు. 2005 నుండి సమాచార హక్కు చట్టము మీ చేతిలో నున్నది. మీ యూరి వంతెనకు వాడిన కాంక్రీటు తరగతి యేది, ఎవరు పరీక్షించిరి, మీ తీరము పదేండ్లలో ఎన్ని గజములు వెనుకకు జరిగినది అని ఒక కాగితము వ్రాసి అడుగుడు. సమాధానము వచ్చిన మందిరపు గోడకంటింపుడు. రాకున్న, రాలేదను మాటనే అంటింపుడు. సమీప కళాశాల ఆచార్యుని ఒకనాటి సాయంకాలము మందిరమునకు పిలిచి, మా నేల సంగతి మా భాషలో చెప్పుడని ప్రార్థింపుడు. ఆయన తడబడినను వినుడు. రెండవమారు తడబడడు.

తన తీరమును తాను కొలుచుకొనలేని జాతి, తన మట్టిని తాను చదువుకొనలేని జాతి, స్వతంత్రమయ్యును పరుల పంచన బ్రతుకునదే. తుపాను మరల వచ్చును. అది మన తీర్మానములకై ఆగదు. అప్పటికి ఉప్పాడ మనుమలు ఇసుకలో తాతల బంగారము వెదకుచుందురా, లేక తమ యింటి అరుగుమీద నిలిచి అలలను చూచుచుందురా యనునది సముద్రుడు నిర్ణయించు విషయము కాదు. మనము నిర్ణయించునది.